జైళ్లు నడిపే పెద్దలకి బహిరంగ లేఖ: తాళం తీసే మనిషి లేకపోతే మార్పు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నమస్కారం.

ఈ లెటర్ ఏ ఒక్క జైలు సూపరింటెండెంట్‌కో రాస్తున్నది కాదు, పాపం వాళ్ల చేతిలో ఏముందని. పైన కూర్చుని ఎన్ని పోస్టులు ఇవ్వాలో తేల్చేవాళ్లకి, ఆ ఫైలుని "ఈ ఏడాది వద్దులే" అని పక్కన పడేసే ఆర్థిక శాఖ వాళ్లకి, శిక్షలు పెంచుతూ చట్టాలు చేసేసి ఆ మనుషుల్ని ఎక్కడ పెట్టాలో ఇంకెవరో చూసుకుంటారులే అనుకునే ప్రజాప్రతినిధులకి, అందరికీ కలిపి రాస్తున్నా. నేను అధికారిని కాను, లాయర్నీ కాను. కొన్నేళ్లపాటు వారానికి రెండు రోజులు ఒక జైల్లోకి వెళ్లి చదవడం, లెక్కలు చేయడం రానివాళ్లకి పాఠాలు చెప్పాను, జీతం లేని వాలంటీర్‌ని, అంతే.

అన్నేళ్లలో అక్కడ నేను ఎక్కువసార్లు విన్న మాట ఏంటో తెలుసా. తిట్లు కాదు, బెదిరింపులు కాదు. గేటు దగ్గర సంతకం పెట్టి, బ్యాగ్ చెక్ చేయించుకుని, ఫోన్ అప్పజెప్పి, అరగంట బెంచీ మీద కూర్చున్నాక ఒక వార్డర్ వచ్చి మొహమాటంగా చెప్పే మాట: "ఇవాళ క్లాస్ లేదు మేడమ్, తాళం తీసేవాళ్లు లేరు."

మొదట్లో నాకు కోపం వచ్చేది. తాళం తీయడానికి ఎంతసేపు పడుతుంది, రెండు నిమిషాలు, అంతేగా అనుకునేదాన్ని. తర్వాత మెల్లగా అర్థమైంది, ఒక్క క్లాస్ జరగాలంటే ఏమేం జరగాలో. ఒకరు బ్యారక్ దగ్గర పేర్లు పిలవాలి, తాళం తీయాలి, వచ్చినవాళ్లని తడిమి చూడాలి, ఒకరు వాళ్లని వరసలో నడిపించుకుని క్లాస్‌రూమ్ దాకా తేవాలి, మధ్యలో ఉన్న ప్రతి గేటు దగ్గరా ఇంకొకరు ఉండాలి, క్లాస్ జరుగుతున్నంతసేపు బయట ఒకరు కూర్చోవాలి, అయిపోయాక ఇదంతా మళ్లీ వెనక్కి జరగాలి, చివర్లో లెక్క సరిపోవాలి. ఆ లెక్క ఒక్కటి తప్పిందంటే జైలు జైలంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతుంది, అది తేలేదాకా ఎవరూ కదలడానికి లేదు. ఇప్పుడు అదే షిఫ్టులో ఇద్దరు సిక్ లీవ్, ఒక ఖైదీకి ఛాతీ నొప్పి వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది, దానికి ఇద్దరు ముగ్గురు ఎస్కార్ట్ వెళ్లారు, అతన్ని అడ్మిట్ చేసుకున్నారంటే ఇరవై నాలుగ్గంటలూ మంచం పక్కన కాపలా, కోర్టు వాయిదాలకి ఇంకో బ్యాచ్ వెళ్లింది. మిగిలినవాళ్లతో ఏది నడుస్తుంది? మూడు పూటలా తిండి పెట్టడం, లెక్క చూసుకోవడం, గొడవ జరగకుండా చూడటం. ఇవి ఆపలేరు. ఆపగలిగేవి ఏంటి అంటే క్లాసు, వర్క్‌షాపు, లైబ్రరీ, కౌన్సెలింగ్, ములాఖత్. అంటే మనిషి మారడానికి అవకాశం ఉన్నవన్నీ "ఆపగలిగేవి" లిస్టులోనే ఉన్నాయి. ఎవరూ కావాలని అలా రాయలేదు, దానంతట అదే అలా తయారవుతుంది. క్రూరత్వం అయితే కనీసం ఎవరో ఒకరిని వేలెత్తి చూపించొచ్చు, ఇక్కడ ఎవర్నని చూపించాలి?

మీరు జైలు సామర్థ్యం అంటారు కదా, ఎనిమిది వందలు, వెయ్యి అని. అది మంచాల లెక్క. ఇంకో మంచం ఇరికిస్తే ఇంకో మనిషి పడతాడు, మంచం పైన మంచం వేస్తే ఇద్దరు పడతారు, కాగితం మీద సామర్థ్యం పెరుగుతుంది, సమస్య తీరినట్టు కనిపిస్తుంది. కానీ బాత్రూములు పెరగవు, డాక్టరు ఒక్కడే, ములాఖత్ గదిలో కుర్చీలు అవే, పెరోల్ రిపోర్టులు రాసే ఆఫీసరు ఒక్కడే, నా క్లాస్‌రూమ్‌లో బెంచీలు అవే. ఒక జైల్లో ఎంతమంది పడుకోగలరు అన్న ప్రశ్నకి మీ దగ్గర సమాధానం ఉంది, ఎంతమంది అక్కడ రోజుకి ఆరు గంటలు ఏదైనా పని చేసుకోగలరు అన్న ప్రశ్న అసలు ఎవరూ అడగరు.

అమెరికాలో కాలిఫోర్నియా జైళ్ల కేసు గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 80 వేల లోపు మందికి కట్టిన జైళ్లలో దాదాపు రెట్టింపు మందిని కుక్కారు. అది 2011లో వాళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తీర్పులో రాసిన వివరాలు చదివితే నాకు ఒక విషయం దగ్గర చూపు ఆగిపోయింది, జిమ్‌లలో మంచాలు వేసి ఒక్కో జిమ్‌లో 200 మంది దాకా పెట్టారు, వాళ్లని చూసుకోడానికి ఇద్దరో ముగ్గురో ఆఫీసర్లు, కొన్నిచోట్ల 54 మందికి ఒకే టాయిలెట్. సైకియాట్రిస్టు పోస్టులు సగానికి పైగా ఖాళీ. జనం ఎక్కువ, స్టాఫ్ తక్కువ అనేవి రెండు వేరే సమస్యలు కావు, ఆ జిమ్‌లో రెండూ ఒకే గదిలో ఉన్నాయి చూడండి. ఒకప్పుడు ఖైదీలు ఆడుకునే, చెమట పట్టించుకుని కోపం దించుకునే చోటు అది. అదే పడక అయిపోయింది. కోర్టు 5-4 తేడాతో జనాన్ని సామర్థ్యంలో 137.5 శాతానికి తగ్గించమంది. గమనించండి, వందకి కాదు, 137.5కి, దానికే అంత గొడవ జరిగింది.

జిమ్ అంటే గుర్తొచ్చింది, నేను వెళ్లిన చోట పోయింది కార్పెంటరీ షెడ్డు. నా క్లాసులో నలభై దాటిన ఒకాయన ఉండేవాడు, పేరు అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వచ్చు గానీ భిన్నాలు అంటే భయం. షెడ్డులో చేరాలంటే టేపు చదవడం రావాలి, ముప్పావు అంగుళం, అరంగుళం, పావు అంగుళం కలిపితే ఎంత, ఇలాంటివి. నాలుగు నెలలు పట్టింది ఆయనకి. క్లాసులు వరసగా జరిగి ఉంటే నెలన్నరలో వచ్చేసేది, అది వేరే విషయం. ఒకరోజు కాగితం మీద ఒక చిన్న అల్మారా గీసుకొచ్చి కొలతలన్నీ తనే వేసి చూపించాడు, ఒక్కటి కూడా తప్పు లేదు. అప్పటికే షెడ్డు ఇన్‌స్ట్రక్టర్ రిటైరై ఏడాది అయింది, కొత్తవాణ్ణి వేయలేదు, పోస్టు ఖాళీ. ఇన్‌స్ట్రక్టర్ లేని షెడ్డు ఖాళీగా ఎందుకు ఉండాలి అని అందులో పరుపులు వేశారు, కొత్తగా వచ్చిన వాళ్లకి. ముందు స్టాఫ్ పోయారు, తర్వాత ఆ ఖాళీలోకి జనం వచ్చారు, ఇక ఇన్‌స్ట్రక్టర్‌ని ఇస్తామన్నా షెడ్డు లేదు. ఇంకో నెలకి ఆయన్ని కూడా వేరే జైలుకి పంపేశారు, అక్కడ జాగా ఉందట. వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లాడో లేదో తెలీదు, నాకు చెప్పే టైమ్ కూడా ఇవ్వలేదు.

ఈ ట్రాన్స్‌ఫర్ల గురించి ఎవరూ మాట్లాడరు గానీ పునరావాసం అన్నదానికి అసలు గొడ్డలిపెట్టు ఇదే అని నాకనిపిస్తుంది. కోర్సు మధ్యలో ఉన్నాడా, పరీక్షకి వారం ఉందా, ములాఖత్‌కి ఇంటివాళ్లు ఎంత దూరం రావాలి, ఇవేవీ లెక్కలోకి రావు, ఎక్కడ మంచం ఖాళీగా ఉంటే అక్కడికి. మనుషులు కాదు, గోడౌన్‌లో సరుకు సర్దినట్టు. దేశాల మధ్య కూడా ఇదే చేశారు, బెల్జియం 2010లో తన ఖైదీల్ని నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ జైలుకి పంపింది, నార్వే 2015 నుంచి 2018 దాకా అదే నెదర్లాండ్స్‌లోని నోర్గర్‌హావెన్ జైలుని అద్దెకి తీసుకుంది. అప్పట్లో నెదర్లాండ్స్‌లో జైళ్లు ఖాళీ అవుతున్నాయి, అద్దెకి ఇచ్చింది, బాగానే ఉంది. కానీ సరిహద్దు దాటి వెళ్లిన మనిషిని పెళ్లామో తల్లో ఎన్నిసార్లు చూడగలదు? బయటికి వచ్చాక మనిషి నిలబడేది ఇంటివాళ్ల మీదే అని మీ ట్రైనింగ్ పుస్తకాల్లోనే రాసుంటుంది.

ఇప్పుడు వార్డర్ల గురించి. వాళ్లని తిట్టడానికి ఈ లెటర్ రాయట్లేదు, నిజానికి ఇందులో సగం వాళ్ల తరఫునే. పైనుంచి మీరు, లోపలినుంచి ఖైదీలు, మధ్యలో వాళ్లు అడకత్తెరలో పోకచెక్క. డబుల్ డ్యూటీ చేసి నిద్ర కళ్లతో వచ్చే మనిషి ఎంత మంచివాడైనా ఎవరి మొహమూ చూడడు, తాళాలే చూస్తాడు. పాతకాలం వార్డర్ ఒకాయన నాతో అనేవాడు, బ్యారక్‌లోకి అడుగుపెట్టగానే వాసనని బట్టి, సద్దుని బట్టి ఏదో తేడాగా ఉందని తెలిసిపోద్ది మేడమ్, ఇవాళ ఎవడికో ఇంటినుంచి చెడ్డ కబురు వచ్చింది అని. అది ఏ కెమెరాకీ తెలీదు. అది తెలియాలంటే అదే మనిషి అదే బ్యారక్‌కి నెలల తరబడి రావాలి, ఒక్కొక్కడితో రెండు మాటలు మాట్లాడే టైమ్ ఉండాలి. రోజుకో చోట డ్యూటీ వేస్తూ, మూడొందల మందికి ఇద్దర్ని పెడితే వాళ్లకి పేర్లు కూడా తెలీవు. పేరు తెలీని మనిషిని ఎవరు మారుస్తారు?

ఇంగ్లండ్ వాళ్లు దీన్ని గుర్తించారు, కానీ చాలా ఖరీదైన దారిలో గుర్తించారు. 2010 తర్వాత పొదుపు పేరుతో జైలు ఆఫీసర్లని నాలుగో వంతుకి పైగా తగ్గించేశారు, అనుభవం ఉన్నవాళ్లే ముందు వెళ్లిపోయారు, తర్వాత కొట్లాటలు, ఖైదీలు తమని తాము గాయపరుచుకోవడం బాగా పెరిగిపోయాయి, అప్పుడు మళ్లీ వేలమందిని రిక్రూట్ చేసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన స్కీమ్ నాకు చాలా నచ్చింది: ఒక్కో ఆఫీసర్‌కి ఐదారుగురు ఖైదీలు, ఒక్కొక్కరితో వారానికి 45 నిమిషాలు కూర్చుని మాట్లాడాలి, ఎలా ఉన్నావు, కోర్సు ఎంతవరకు వచ్చింది, బయటికెళ్లాక ఎక్కడుంటావు. 45 నిమిషాలే. ఎంత చిన్న కోరిక చూడండి. స్టాఫ్ సరిపోని జైళ్లలో అదీ జరగలేదు, ఎందుకంటే ఎవరైనా డ్యూటీకి రాకపోతే మొదట కోత పడేది ఆ 45 నిమిషాలకే. నా క్లాస్ కథే అక్కడా.

మంచి జైళ్లు అనగానే అందరూ నార్వే నార్వే అంటారు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. అక్కడ జైలు ఆఫీసర్ అవ్వాలంటే రెండేళ్ల కోర్సు, ఆ రెండేళ్లూ జీతం ఇస్తారు, సైకాలజీ, చట్టం, ఎథిక్స్ చదువుతారు. టీచర్లు, డాక్టర్లు, లైబ్రేరియన్లు జైలు ఉద్యోగులు కారు, బయట ఊళ్లో పనిచేసే వ్యవస్థలే లోపలికి వస్తాయి, అందువల్ల ఖైదీ బయటికెళ్లినా అదే వ్యవస్థ చేతిలో ఉంటాడు. విడుదలైన రెండేళ్లలో మళ్లీ శిక్ష పడేవాళ్లు 20 శాతం దగ్గర ఉంటారని లెక్క. (ఒక్కో దేశం ఒక్కోలా లెక్కపెడుతుంది, కాబట్టి ఈ అంకెని పక్క దేశం అంకెతో పోల్చి గంతులేయకూడదు, చాలామంది అదే చేస్తారు.) అయితే నేను చెప్పాలనుకున్నది వేరే. అక్కడి హాల్డెన్ జైలు ఫొటోలు చూసి అందరూ గదులు, కిటికీలు, మంచి సామాను చూస్తారు. అసలు రహస్యం ఫొటోలో పడదు, అది స్టాఫ్ లెక్క. అదే నార్వేలో 2019లో పార్లమెంటుకి అక్కడి అంబుడ్స్‌మన్, అంటే ప్రభుత్వ శాఖల మీద జనం ఫిర్యాదులు విచారించే అధికారి, ఒక ప్రత్యేక రిపోర్టు ఇచ్చాడు, జైళ్లలో ఒంటరిగా మూసి ఉంచడం, మనిషితో మాట్లాడే అవకాశం లేకపోవడం ఎంత ఎక్కువగా ఉందో చెబుతూ. గోడలు ఎంత బాగున్నా తలుపు తీసే మనిషి తగ్గితే నార్వే కూడా నార్వే కాదు.

ఇంకో మాట, ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. స్టాఫ్ లేని చోట జైలు నడవకుండా ఆగదు, ఇంకెవరో నడుపుతారు. బ్యారక్‌లో గట్టివాడెవడో ఉంటాడు, ఎవరెక్కడ పడుకోవాలి, నీళ్లు ముందు ఎవరికి, ఫోన్ దగ్గర ఎవరి వంతు, అన్నీ వాడే. స్టాఫ్‌కి కూడా అది హాయిగానే ఉంటుంది, గొడవలు రావు. ఐక్యరాజ్యసమితి ఖైదీల విషయంలో పెట్టిన కనీస నియమాలు, 2015లో సవరించి మండేలా పేరు పెట్టారు కదా, అందులో 40వ నియమం సూటిగా చెప్తుంది, ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ మీద క్రమశిక్షణ అధికారం ఇవ్వకూడదని. ఎందుకు పెట్టారో లోపలికెళ్లి చూస్తే తెలుస్తుంది. చిన్న దొంగతనం మీద వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడికి మీ తరఫున ఎవరూ కనపడరు, వాడికి దుప్పటి ఇచ్చేది, కాపాడేది, అప్పిచ్చేది ఆ గట్టివాడే, కాబట్టి వాడు నేర్చుకునేది కూడా ఆ గట్టివాడి దగ్గరే. మీరు టీచర్ని ఇవ్వకపోయినా లోపల బడి నడుస్తూనే ఉంటుంది, సిలబస్ వేరు, అంతే. అదే నియమాల్లో 89వది చూడండి, ఒక్కొక్క ఖైదీని విడిగా పట్టించుకోలేనంతగా జైల్లో జనం ఉండకూడదు అంటుంది, కొన్ని దేశాల్లో 500 దాటకూడదనుకుంటారని కూడా రాశారు. ఐదొందలు! నేను వెళ్లిన చోట అది ఒక పక్క బ్లాకు సంఖ్య.

ఇప్పుడు చెప్పబోయేది ఆర్థిక శాఖ వాళ్లు కొంచెం జాగ్రత్తగా చదవాలి. చాలాచోట్ల ముందుగా విడుదల కావాలంటే ఫలానా కోర్సు పూర్తి చేయాలి, ఫలానా అసెస్‌మెంట్ అవ్వాలి. కోర్సు చెప్పే సైకాలజిస్టు ఒక్కరే, వెయిటింగ్ లిస్టు ఏడాది. రిపోర్టు రాసే ఆఫీసర్ దగ్గర కట్టలు పేరుకుపోయాయి. పెరోల్ బోర్డు ముందుకి ఫైలు వెళ్తుంది, "కోర్సు చేయలేదు" అని తిరిగొస్తుంది. ఖైదీ తప్పేమీ లేదు, ఎవరూ తనని కోర్సులోకి పిలవలేదు. ఇంకో ఏడాది లోపలే. అంటే ఆ మంచం ఇంకో ఏడాది ఖాళీ అవ్వదు. జనం ఎక్కువవ్వడం వల్ల కోర్సు దొరకదు, కోర్సు దొరకకపోవడం వల్ల జనం తగ్గరు. ఒక సైకాలజిస్టు జీతం మిగిల్చామని మీరనుకుంటున్నారు గానీ ఆ మిగిల్చినదానికి ఎన్నో రెట్లు అలా అదనంగా ఉండిపోయిన మనుషుల మీద ఖర్చవుతోంది, కాకపోతే అది వేరే పద్దు కింద వస్తుంది కాబట్టి ఎవరికీ కనపడదు.

"ఎన్ని ప్రోగ్రాములు పెట్టినా వీళ్లు మారరు" అనే మాట మీ మీటింగుల్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. దానికి పెద్ద చరిత్రే ఉంది. 1974లో రాబర్ట్ మార్టిన్సన్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 231 అధ్యయనాలు తిరగేసి, చాలావరకు ఏదీ పనిచేస్తున్నట్టు కనపడట్లేదు అని రాశాడు. ఇక చూసుకోండి, పొదుపు చేయాలనుకునేవాళ్లకీ కఠినంగా ఉండాలనుకునేవాళ్లకీ ఇద్దరికీ అది పండగ. ఐదేళ్ల తర్వాత 1979లో అదే మనిషి తన మాట వెనక్కి తీసుకున్నాడు, కొన్ని పనిచేస్తాయి, ఎలాంటి పరిస్థితుల్లో ఆ ప్రోగ్రామ్ నడిపారన్నది అసలు విషయం అన్నాడు. మొదటి మాట ప్రపంచమంతా పాకింది, రెండోది ఎవరికీ గుర్తులేదు. నాకు మాత్రం ఆ రెండో మాటే జైల్లో రోజూ కనిపించేది. రిజిస్టర్లో నా పేరు మీద "వయోజన విద్య, వారానికి రెండు" అని ఉంటుంది. జరిగింది మాత్రం అందులో సగం కూడా ఉండదు. రేపు ఎవరైనా రీసెర్చ్ చేసి "ఈ జైల్లో చదువు చెప్పినా ఫలితం లేదు" అని తేలిస్తే, చెప్పని చదువుకి ఫలితం ఎలా వస్తుందండీ?

నిజంగా చెప్పిన చోట ఏమైందో కూడా ఉంది. 2013లో రాండ్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ అమెరికా జైళ్లలో చదువు మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది, చదువు కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లు మళ్లీ జైలుకొచ్చే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే 43 శాతం తక్కువ అని తేలింది, చదువు మీద పెట్టిన ఒక్కో డాలరుకి విడుదలైన మూడేళ్లలో నాలుగైదు డాలర్ల జైలు ఖర్చు తప్పుతుందని కూడా లెక్క వేశారు. చదువుకోడానికి ముందుకొచ్చేవాడు ఎలాగూ మారాలనుకునేవాడే కదా అని మీరనొచ్చు, కొంత నిజమే. కానీ మారాలనుకుని తలుపు దగ్గర నిలబడ్డవాడికి తాళం తీయకపోతే వాడు ఎన్నిసార్లు నిలబడతాడు? నా క్లాసులో నెల రోజుల్లో వరసగా నాలుగైదు సార్లు రద్దయితే ఆ తర్వాత పిలిచినా సగం మంది వచ్చేవాళ్లు కాదు. బద్ధకం కాదు అది, ఆశ పెట్టుకోవడం ఎందుకులే అని.

దీనికి మీ సమాధానం ఎప్పుడూ ఒకటే, కొత్త జైళ్లు కడతాం. కట్టండి, శిథిలమైనవి కూలగొట్టి కట్టాల్సిందే. కానీ బిల్డింగుకి రిబ్బన్ కటింగ్ ఉంటుంది, వార్డర్ జీతానికి ఉండదు, అందుకే బిల్డింగు వస్తుంది మనిషి రాడు. మాంచెస్టర్‌లోని స్ట్రేంజ్‌వేస్ జైలు సంగతి చూడండి, 970 మందికి ఉద్దేశించిన దాంట్లో 1,600 మందికి పైగా ఉన్నారు, 1990 ఏప్రిల్ 1న తిరగబడ్డారు, 25 రోజులు కప్పు మీద కూర్చున్నారు. తర్వాత వుల్ఫ్ అనే జడ్జి విచారణ చేసి 1991లో రిపోర్టు ఇచ్చాడు, సామర్థ్యానికి మించి ఏ జైల్లోనూ పెట్టకూడదని రూలే తెమ్మన్నాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో సుమారు 45 వేల మంది. మధ్యలో ఎన్నో కొత్త జైళ్లు కట్టారు, 2024 నాటికి 87 వేలు దాటారు, మళ్లీ జాగా లేదు. ఆ ఏడాది సెప్టెంబర్లో శిక్షలో 40 శాతం అయినవాళ్లని వదిలేయక తప్పలేదు, మొదటి రోజే దాదాపు 1,700 మంది. ఎవర్ని వదలాలో ఒక్కొక్కరిని చూసి తేల్చి, ఇల్లూ పనీ చూసి పంపితే తప్పేం లేదు, కానీ మునిగిపోతున్న పడవలోంచి నీళ్లు తోడినట్టు తోడితే బయట విడుదలైనవాళ్లని కనిపెట్టుకుని ఉండే ప్రొబేషన్ ఆఫీసర్లకి ఊపిరాడదు, వాళ్లకీ స్టాఫ్ కొరతే.

ఆ బయటికొచ్చే రోజుల గురించి ఒక్క అంకె చెప్పి వదిలేస్తాను. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30 వేల మందిని గమనించిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది, మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం అక్కడి మామూలు జనంతో పోలిస్తే 12.7 రెట్లు. ఎక్కువగా డ్రగ్స్ ఓవర్‌డోస్. ఇంటికెళ్లాక ఏ డాక్టర్ దగ్గరికెళ్లాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి అని ముందే కూర్చుని మాట్లాడే మనిషి ఉంటే వీళ్లలో ఎంతమందిని కాపాడొచ్చో మీకు నేను చెప్పక్కర్లేదు.

తక్కువమందితో నడపడం సాధ్యమే అనడానికి ఫిన్లాండ్ ఉంది. 1950ల్లో అక్కడ లక్ష జనాభాకి 180 మందికి పైగా జైల్లో ఉండేవాళ్లు, పక్క దేశాలకంటే చాలా ఎక్కువ. శిక్షలు తగ్గించారు, దొంగతనాలకి జైలు శిక్షలు బాగా తగ్గించారు, సమాజ సేవ శిక్ష పెట్టారు, దశాబ్దాల పాటు మెల్లగా చేశారు, 1990లకి వచ్చేసరికి అది మూడో వంతు దగ్గరికి దిగింది. నేరాలు పక్కనున్న నార్డిక్ దేశాల్లో ఎలా కదిలాయో అక్కడా అలాగే కదిలాయి, ప్రళయమేమీ రాలేదు. ఇక ప్రపంచం మొత్తం మీద జైళ్లలో ఉన్న కోటీ పది లక్షలకి పైగా మందిలో దాదాపు మూడో వంతు ఇంకా తీర్పు రానివాళ్లు. వాళ్లకి అసలు "పునరావాసం" ప్లానే ఉండదు, ఎందుకంటే శిక్షే పడలేదు, కానీ మంచం, తాళం, వార్డర్, ఎస్కార్టు అన్నీ వాళ్లకీ కావాలి. కోర్టు వాయిదాలకి తిప్పేది వీళ్లనే. వాయిదాలు తగ్గించినా, బెయిల్ ఇవ్వగలిగినవాళ్లకి ఇచ్చినా నా క్లాసుకి తాళం తీసే మనిషి దొరుకుతాడు, ఒక్క ఇటుక పెట్టకుండా.

బాధితుల సంగతేంటి, వాళ్లకి లేని సౌకర్యాలు వీళ్లకెందుకు అంటారా. నా క్లాసులో ఉన్నవాళ్లు ఏం చేసి వచ్చారో నాకు తెలుసు, కొందరి ఫైళ్లు చదివి రాత్రి నిద్రపట్టలేదు కూడా. అందులో చాలామంది ఏదో ఒకరోజు బయటికి వస్తారు, ఏ బస్సులోనో మీ పక్కసీట్లో కూర్చుంటారు. బాధితుల పేరు చెప్పి వార్డర్ పోస్టు ఆపేస్తే ఆ బాధితుడికి ఒరిగేదేంటో ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు.

నేనడిగేది పెద్దదేం కాదు. నెలనెలా మీరు ఎంతమంది ఉన్నారు, సామర్థ్యం ఎంత, అని లెక్క రాసుకుంటారు కదా, దాని పక్కన ఇంకో మూడు గడులు పెట్టండి. ఒకటి, సగటున ఒక ఖైదీ సెల్ బయట, బ్యారక్ బయట రోజుకి ఎన్ని గంటలు ఉన్నాడు. రెండోది, టైమ్‌టేబుల్‌లో ఉన్న క్లాసులు, వర్క్‌షాపులు, కౌన్సెలింగులు ఎన్ని, అందులో జరిగినవి ఎన్ని, జరగకపోతే కారణం ఏంటి, "తాళం తీసేవాళ్లు లేరు" అనే కారణానికి ప్రత్యేకంగా ఒక కోడ్ ఇవ్వండి, సిగ్గుపడక్కర్లేదు. మూడోది, మంజూరైన పోస్టుల్లో నిజంగా ఆరోజు షిఫ్టులో నిలబడ్డవాళ్లు ఎంతమంది, లీవుల్లో, ఎస్కార్టుల్లో, ఆఫీసు పనుల్లో ఉన్నవాళ్లని తీసేసి. ఈ మూడూ ప్రతి జైలుకీ విడివిడిగా జనం చూసేలా పెట్టండి. రాష్ట్రానికో దేశానికో కలిపి సగటు తీసి దాచేయొద్దు, సగటులో మునిగిపోయినవాళ్లు కనపడరు.

ఇంకొకటి, ఖాళీ పోస్టులు నింపేటప్పుడు వార్డర్లనే కాదు, టీచర్, ఇన్‌స్ట్రక్టర్, సోషల్ వర్కర్ పోస్టుల్ని కూడా కలిపి నింపండి. ఆ మండేలా నియమాల్లో 78వది అడిగేది అదే. షెడ్డుల్లో వేసిన పరుపులు ముందు తీయండి.

నా దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉంది, వెళ్లిన ప్రతి రోజూ తేదీ వేసి "జరిగింది" "జరగలేదు" అని రాసుకునేదాన్ని, జరగనిరోజు పక్కన కారణం. అడిగితే ఇస్తాను, ఫొటో తీసుకుని వెనక్కి ఇచ్చేయండి. మీ రిజిస్టర్లో నా పేరు ఎదురుగా ఏం రాసుందో అది మీరు తీయండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

ఇట్లు,
ఒకప్పటి జైలు వాలంటీర్ టీచర్